పాలీహౌస్ కంపెనీకి కోకోపీట్ సప్లై చేయాలి, ప్రపోజల్ ఎలా రాయాలి?

వైనతేయ_పీచు:

అందరికీ నమస్కారమండి. మాది అంబాజీపేట పక్క ఊరు. నాన్నగారి హయాం నుంచి పీచు మిల్లు ఉంది, డొక్కలు (కొబ్బరికాయ పై తొక్కలు) కొని పీచు తీసి తాళ్లు పేనేవాళ్లకీ పరుపులవాళ్లకీ ఇస్తాం. పీచు తీయగా మిగిలే పొట్టుని, అదే కోకోపీట్‌ని, ఒకప్పుడు ఎవరూ పట్టించుకునేవారు కాదు, మిల్లు వెనక గుట్టలుగా పడి ఉండేది. ఇప్పుడు దాన్నే కడిగి, కళ్లంలో ఆరబెట్టి, 5 కిలోల బ్లాకులు కొడుతున్నాం. ఇన్నాళ్లూ కడియం నర్సరీలకీ మిద్దెతోటలవాళ్లకీ అమ్మాం. అదంతా నోటిమాట వ్యాపారం, ఫోన్ వస్తే బండిలో వేసి పంపేయడమే.

ఇప్పుడు హైదరాబాద్ శివార్లలో పాలీహౌసులు (ప్లాస్టిక్ షీటు కప్పిన పంట షెడ్లు) వేసి కీరా, క్యాప్సికం పండించే ఒక కంపెనీవాళ్లతో తెలిసినవాళ్ల ద్వారా మాట కలిసింది. వాళ్లు తమిళనాడులో పొల్లాచ్చి నుంచి సరుకు తెప్పించుకుంటున్నారట. మా దగ్గర్నుంచి అయితే అందులో సగం దూరం కూడా ఉండదు కదా అని చెప్తే, "ఒక ప్రపోజల్ పంపండి, కూర్చుని చూస్తాం" అన్నారు.

నెట్‌లో దొరికిన నమూనాలు చూసి 12 పేజీలు తయారుచేశాను. ముందు లోగో, తర్వాత మా మిల్లు చరిత్ర, విజన్, మిషన్, కొబ్బరి పొట్టు వల్ల లాభాలు, మెషీన్ల ఫోటోలు, ఆఖరి పేజీలో ధర. ఇంకా పంపలేదు. పంపేముందు తెలిసినవాళ్లని అడుగుదామని ఇక్కడ రాస్తున్నాను.

నా అనుమానాలు ఇవి. ఇన్ని పేజీలు కావాలా? ధర ముందు చెప్పాలా, ఆఖర్న చెప్పాలా? తెలుగులో రాయొచ్చా, ఇంగ్లీషులోనే రాయాలా? అన్నిటికన్నా టెన్షన్ పెట్టేది ఏమిటంటే, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు పొట్టు కడగడానికి మంచినీళ్లుండవు, వానాకాలంలో ఆరదు. అది ప్రపోజల్‌లో రాస్తే వాళ్లు వెనక్కి పోతారేమో, రాయకపోతే రేపు సప్లై ఆగినప్పుడు మాట పోతుంది. అరువు ఎన్నాళ్లు ఇవ్వాలన్నది కూడా తెలియట్లేదు. కాస్త వివరంగా చెప్పండి.

---

పచ్చతోట:

నేను కొన్నేళ్లు ఒక తోటల కంపెనీలో పర్చేజ్ చూశానండి, ఇప్పుడు రాజమండ్రిలో ఉంటున్నాను. ఇలాంటి ప్రపోజల్స్ చదివే కుర్చీలో కూర్చున్నదాన్ని కాబట్టి అటువైపు నుంచి చెప్తాను.

మొదట తెలుసుకోవాల్సింది, మీ కాగితం ఒక్కరే చదవరు. పర్చేజ్‌లో ఉన్నవాళ్లు తెరిచి ధరా, రవాణా చూస్తారు. తర్వాత అది పంట చూసే ఆగ్రానమిస్ట్ దగ్గరికి వెళ్తుంది. ఆయనకి మీ ధరతో పనిలేదు, ఈ పొట్టు వేస్తే పంట ఏమవుతుందన్నదే ఆయన భయం, ఎందుకంటే పంట పోతే జవాబు చెప్పుకోవాల్సింది ఆయనే. అక్కణ్ణుంచి అకౌంట్స్‌కి వెళ్తే వాళ్లు జీఎస్టీ, బిల్లు, ఎన్నాళ్లకి డబ్బు కట్టాలి అన్నవి చూస్తారు. సంతకం పెట్టే ఓనరు గారు ఒక్క పేజీ చదివితే గొప్ప. ఈ నలుగురిలో ఏ ఒక్కరికీ మీ విజన్, మిషన్ అక్కర్లేదు. కొబ్బరి పొట్టు వల్ల లాభాలు కూడా తీసేయండి, ఏళ్ల తరబడి అందులోనే పంట తీస్తున్నవాళ్లకి అది మనం చెప్పడమేమిటి!

కాబట్టి రాయడం మొదలుపెట్టేముందు ఫోన్ తీసి వాళ్ల ఫార్మ్ మేనేజర్‌తో మాట్లాడండి. ప్రపోజల్‌లో సగం పని ఆ ఫోన్‌లోనే అయిపోతుంది. ఏడాదికి ఎన్ని బ్లాకులు కావాలి, ఏ నెలల్లో కావాలి, పాత పొట్టు ఎన్ని పంటలకి మారుస్తారు, ఇప్పుడొస్తున్న సరుకుతో ఏం ఇబ్బంది పడుతున్నారు అని అడగండి. ఆఖరి ప్రశ్నకి వాళ్లు చెప్పే జవాబే మీ మొదటి పేరా అవ్వాలి. లోడు ఆలస్యం అవుతోందా, ఒక లోడుకీ ఇంకో లోడుకీ ఉప్పు తేడా వస్తోందా, బ్లాకుల్లో ఇసక వస్తోందా, ఏదో ఒకటి తప్పకుండా ఉంటుంది. ఏ బాధా లేకపోతే మిమ్మల్ని ప్రపోజల్ అడిగేవాళ్లే కాదు.

మొదటి పేజీలో ఆ ఇబ్బంది, దానికి మీరు చేసే పని, వాళ్ల గేటు దగ్గర దించేదాకా పడే ధర, మొదట ఎంత సరుకుతో ట్రయల్ చేద్దాం అన్నది. ఇవి ఒక పేజీకి మించకూడదు. వెనకాల రెండు మూడు పేజీల్లో సరుకు వివరాలు, నెలవారీ సప్లై, షరతులు. మొత్తం నాలుగు పేజీలు దాటనివ్వకండి. మిల్లు చరిత్ర రెండు వాక్యాలు చాలు, అది కూడా వాళ్లకి పనికొచ్చేది: డొక్కలు ఎక్కడ్నుంచి వస్తాయి, రోజుకి ఎన్ని బ్లాకులు కొట్టగలరు, మెషీన్ పాడైతే ఏం చేస్తారు.

భాష గురించి. మీతో మాట్లాడిన ఓనరు తెలుగాయనే అయితే మొదటి పేజీ ఉత్తరంలా తెలుగులో రాయండి, తప్పులేదు, పైగా మీరు మాట్లాడే పద్ధతి అందులో కనపడుతుంది. వెనక పేజీల్లో అంకెల పట్టికలూ షరతులూ ఇంగ్లీషులో పెట్టండి, వాళ్ల ఆడిటరూ ఫైలూ అవే అడుగుతాయి.

---

వశిష్ఠ_గట్టు:

బాబూ, మీ నాన్నగారి లాగే నేనూ పీచు మీద బతికినవాణ్ణే. పై మేడం గారు చెప్పిన ఆగ్రానమిస్ట్ పేజీ ఉంది చూశావా, నీ ఆర్డరు దాని మీదే ఆధారపడి ఉంది. కాబట్టి దాని గురించి కొంచెం ఎక్కువే చెప్తాను.

"లో ఈసీ కోకోపీట్" అని అందరూ రాస్తారు, ఈసీ అంటే పొట్టులో ఉప్పు ఎంతుందో చూపే కొలత. అలా రాస్తే చదివేవాడికి ఏమీ తెలియదు. ఈసీ ఎంత అన్నది కొలిచే పద్ధతిని బట్టి మారుతుంది. ఒక పాలు పొట్టుకి ఒకటిన్నర పాళ్లు నీళ్లు కలిపి కొలిస్తే ఒక అంకె, ఐదు పాళ్లు కలిపి కొలిస్తే అదే పొట్టుకి ఇంకా తక్కువ అంకె. నువ్వు పలచన చేసి కొలిచి 0.4 అని రాస్తే, వాళ్లు చిక్కగా కొలిచి ఇదేమిటి రెండింతలుంది అంటారు. అందుకని వాళ్ల మనిషి ఏ పద్ధతిలో కొలుస్తాడో ముందు అడిగి, ఆ పద్ధతిలోనే కొలిచి, పద్ధతి పేరు పక్కనే రాయి. బాగా కడిగిన సరుకుని సాధారణంగా 0.5 మిల్లీసీమెన్స్ లోపు అని అమ్ముతారు. పీహెచ్ 5.5 నుంచి 6.5 మధ్య. బ్లాకులో తేమ శాతం ఎంతో రాయి, బరువు కనీసం ఎంతో రాయి, నీళ్లు పోస్తే ఎన్ని లీటర్ల పొట్టు అవుతుందో రాయి. 5 కిలోల బ్లాకు 70 లీటర్లకి అటూ ఇటూగా ఉబ్బుతుందని అందరూ చెప్తారు కానీ పీచు శాతాన్ని బట్టీ, ఎంత గట్టిగా నొక్కావన్నదాన్ని బట్టీ తేడా వస్తుంది, కాబట్టి నీ బ్లాకులు నువ్వు తడిపి కొలిచి ఆ అంకె పెట్టు. పక్కవాడి బ్రోచర్‌లో అంకె ఎత్తి పెట్టకు. వాళ్లు సంచులు నింపుకునేది లీటర్ల లెక్కన, కిలోల లెక్కన కాదు.

రెండోది, కడగడం వేరు, బఫరింగ్ వేరు. నీళ్లతో కడిగితే విడిగా ఉన్న ఉప్పు పోతుంది, అంతే. పొట్టుకి అంటిపెట్టుకున్న సోడియం, పొటాషియం అలాగే ఉంటాయి. తర్వాత వాళ్లు ఎరువు నీళ్లలో ఇచ్చే కాల్షియం, మెగ్నీషియం పొట్టు లాగేసుకుని వీటిని వదులుతుంది, మొక్కకి కాల్షియం అందదు. క్యాప్సికంలో కాయ అడుగున నల్లగా కుళ్లుతుందే, దానికి కాల్షియం అందకపోవడమే కారణం. ఇది రాకుండా కాల్షియం నైట్రేట్ ద్రావణంలో నానబెట్టి మళ్లీ కడగడాన్నే బఫరింగ్ అంటారు. నువ్వు అది చేస్తున్నావా? చేయకపోతే "వాష్డ్" అని మాత్రమే రాయి, బఫరింగ్ మీరు చేసుకుంటారా, మమ్మల్ని చేయమంటారా, చేస్తే బ్లాకుకి ఇంత అదనం అని రెండు ధరలు ఇవ్వు. నర్సరీవాళ్లు దీన్ని పట్టించుకోరు గానీ పాలీహౌస్‌వాళ్లు మొదట అడిగేది ఇదే.

ల్యాబ్ రిపోర్ట్ జత చేస్తే మాటకి బలం వస్తుంది. కేరళలో అలెప్పీ దగ్గర కలవూర్‌లో కాయిర్ బోర్డు వారి పరిశోధన సంస్థ ఉంది, పొట్టు పరీక్షలు చేస్తారు. అన్ని లోడులకీ అక్కడికి పంపక్కర్లేదు. ఒకసారి అక్కడి రిపోర్ట్ తీసుకుని, ఆ తర్వాత ప్రతి లాటుకీ, అంటే ఒకేసారి తయారైన సరుకుకీ, మన మీటర్‌తో కొలిచి పుస్తకంలో రాసి, లాట్ నంబరు బ్లాకు మీద వేసి, ఆ కాగితం లోడుతో పంపుతామని ప్రపోజల్‌లో మాట ఇవ్వు. ఆ మాట మీద నిలబడగలిగితేనే ఇవ్వు.

ఇక కాలువల సంగతి. రాయాలి బాబూ, దాచకూడదు. ధవళేశ్వరం నుంచి వేసవిలో నీళ్లు ఆపేస్తారని, మళ్లీ ఖరీఫ్‌కి జూన్‌లో వదులుతారని మన డెల్టాలో చిన్నపిల్లాడికి కూడా తెలుసు, హైదరాబాద్‌లో ఉన్న ఆయనకి తెలియకపోవచ్చు. సముద్రం వైపు ఊళ్లలో బోరు వేస్తే ఉప్పు నీళ్లు, వాటితో కడిగితే ఈసీ పెరుగుతుందే తప్ప తగ్గదు. అయితే దీనికి మనకి తెలిసిన దారి ఉంది కదా, కాలువలు కట్టకముందే కడిగి, ఎండలు ముదిరాక ఆరబెట్టి, బ్లాకులు కొట్టి షెడ్డులో పెట్టుకోవడం. కళ్లానికి వేసవి ఎండని మించింది లేదు. ఆ నిలవే వానాకాలంలో పనికొస్తుంది. ఏ నెలలో ఎన్ని బ్లాకులు తయారవుతాయి, ఏ నెల మొదట్లో షెడ్డులో నిలవ ఎంత ఉంటుంది, అందులోంచి నెలకి ఎంత పంపగలవు అని పన్నెండు నెలలకీ ఒక పట్టిక వేసి పెట్టు. అక్టోబరు, నవంబరు తుపానుల రోజుల్లో రోడ్డు మీద లారీ ఆగితే వాళ్లకి ఎన్ని రోజుల ముందు చెప్తావో అది కూడా రాయి. ఇబ్బంది ఒక్కటే రాస్తే భయపడతారు. ఇబ్బందీ, దాని పక్కనే నిలవ లెక్కా రాస్తే ఈ కుర్రాడికి పని తెలుసు అనుకుంటారు.

ఇంకొకటి, నేల మీద ఆరబెడితే ఇసకా, గడ్డి విత్తనాలూ వస్తాయి. సిమెంటు కళ్లం ఉంటే దాని ఫోటో పెట్టు. మిల్లు గేటు ఫోటో, బోర్డు ఫోటో ఎందుకు?

---

కడియపులంక:

నేను ఇంకో మాట చెప్తానండి, ధర మొదటి పేజీలో అన్నది నాకు నచ్చలేదు. మా నర్సరీల దగ్గర ఏమవుతుందంటే ధర కాగితం మీద పెట్టగానే దాన్ని ఫోటో తీసి ఇంకో ముగ్గురు సప్లయర్లకి వాట్సాప్‌లో పంపించి, వీళ్లు ఇంతకిస్తున్నారు మీరెంతకిస్తారు అని అడుగుతారు. మన కాగితంతో పక్కవాడి ధర తగ్గించుకుంటారు. ముందు శాంపిల్ బ్లాకులు పంపి, వాళ్లు తడిపి చూసి బాగుందన్నాక, మనిషి వెళ్లి కూర్చుని ధర మాట్లాడితే మంచిది. సరుకు చూశాక రూపాయి ఎక్కువైనా ఇస్తారు.

---

పచ్చతోట:

కడియపులంక గారూ, మీరు చెప్పింది నర్సరీల దగ్గర నిజమే, అక్కడ కొనేవాడూ వాడేవాడూ ఒక్కడే, ఎదురెదురుగా కూర్చుంటే తేలిపోతుంది. కంపెనీలో అలా కుదరదండి. ధర లేని ప్రపోజల్ వస్తే పర్చేజ్‌వాళ్లు దాన్ని పక్కన పెడతారు, ఎందుకంటే పై వాళ్లకి చూపించడానికి అందులో ఏమీ ఉండదు. ధర పెట్టినవాళ్ల కాగితాలు మూడు పక్కపక్కన పెట్టి పట్టిక వేస్తారు, మనం ఆ పట్టికలోకే ఎక్కం.

మీ భయానికి మందు ఏమిటంటే, ఒట్టి ధర ఒక్కటే రాయకుండా ఆ ధరలో ఏమేం ఉన్నాయో రాయడం. కనీస బరువు, లీటర్లు, ఈసీ కొలత, లాట్ కాగితం, లారీ కిరాయి, హమాలీ, దింపుడు, ఇవన్నీ కలిపి ఇంత అని. అప్పుడు ఫోటో తీసి ఎవరికి పంపినా వాడు ఇవన్నీ ఇస్తానని రాయాల్సి వస్తుంది. మిల్లు దగ్గర బ్లాకు ధర ఒకటి రాసి కిరాయి వేరే అంటే మాత్రం చాలా నష్టం, దూరం తక్కువ అన్నదే మీకున్న పెద్ద బలం, అది కనపడకుండా పోతుంది. అందుకే గేటు దగ్గర ధర రాయమన్నాను. లీటరు పొట్టుకి ఎంత పడుతుందో కూడా లెక్క కట్టి ఇవ్వండి, ఆగ్రానమిస్ట్‌కీ ఓనరుకీ ఇద్దరికీ అర్థమయ్యే అంకె అది.

శాంపిల్ మాట మాత్రం మీదే రైటు. ప్రపోజల్ వెళ్లే రోజే శాంపిల్ బ్లాకులూ పార్సిల్ వెళ్లాలి.

---

లెక్కల_పుస్తకం:

అమలాపురంలో అకౌంట్స్ పని చేస్తానండి. డబ్బు షరతుల గురించి నాకు తెలిసింది రాస్తాను, మీ ఆడిటర్ గారికి ఒకసారి చూపించుకోండి.

ప్రపోజల్ అంటే ఊరికే పరిచయ పత్రం అనుకుంటారు చాలామంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం ఇంత సరుకు ఇంతకి ఇస్తానని మీరు స్పష్టంగా రాసి పంపాక, వాళ్లు అలాగే ఒప్పుకున్నామని జవాబిస్తే అది ఒప్పందం అయిపోతుంది. మీరు గడువు రాస్తే ఆ గడువు దాటాక మీ మాట దానంతటదే చెల్లిపోతుంది. గడువు రాయకపోతే ఎప్పుడో నాలుగు నెలల తర్వాత ఒప్పుకున్నామంటూ వస్తారు, అప్పటికి కాయ ధర మారి డొక్క ధర ఎక్కడో ఉంటుంది, ఇంక అక్కణ్ణుంచి వాదన. కాబట్టి "ఈ ధరలు ఫలానా తేదీ వరకు" అని తేదీ వేసి రాయండి. ఏడాది ఒప్పందం అడిగితే మూడు నెలలకోసారి ధర చూసుకుందామని, డీజిల్ ధర ఇంత శాతం మారితే కిరాయి కూడా మారుతుందని ముందే పెట్టండి. జీఎస్టీ కలిపా, వేరేనా అన్నది ధర పక్కనే ఉండాలి, కింద చిన్న అక్షరాల్లో కాదు.

అరువు విషయం. ముందు మీ మిల్లుకి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమలకి ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉందో లేదో చూడండి. లేకపోతే ఆన్‌లైన్‌లో చేసుకోండి, ఫీజు ఏమీ లేదు, ఎవరైనా ఏజెంటు డబ్బడిగితే ఇవ్వకండి. 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న పరిశ్రమల దగ్గర సరుకు కొన్నవాళ్లు రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే 45 రోజులకి మించి డబ్బు ఆపకూడదు, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లో కట్టాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకి మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీ లెక్కన. దీనికి తోడు ఆదాయపు పన్నులో 2024 ఏప్రిల్ 1 నుంచి ఒక నిబంధన అమల్లోకి వచ్చింది. ఈ గడువు లోపల కట్టని బాకీని కొన్నవాళ్లు ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోలేరు, ఎప్పుడు కడితే అప్పుడే ఖర్చు. అందుకని కంపెనీల అకౌంట్స్‌వాళ్లు ఇప్పుడు ఉద్యమ్ నంబరు ఉందా అని వాళ్లే అడుగుతున్నారు. ఈ రక్షణ సరుకు తయారుచేసేవాళ్లకి, సేవలు అందించేవాళ్లకి. కొని అమ్మే ట్రేడర్లకి వర్తించదు. మీది మిల్లు కాబట్టి మీకు ఇబ్బంది లేదు, రిజిస్ట్రేషన్‌లో తయారీ అని సరిగ్గా పడిందో లేదో చూసుకోండి.

అయితే ప్రపోజల్‌లో చట్టం సెక్షన్లు రాసి బెదిరించినట్టు కనపడకూడదు. "సరుకు అందిన 30 రోజుల్లో చెల్లింపు" అని ఒక వాక్యం, కింద మీ ఉద్యమ్ నంబరు, అంతే చాలు, చదివేవాళ్లకి తెలుస్తుంది. మీ చేతిలో నిలవ ఉన్న డబ్బుని బట్టి 30 అంటారో 15 అంటారో మీ ఇష్టం. డొక్కలవాళ్లకి మీరు వారం వారం డబ్బిస్తూ ఇక్కడ 45 రోజులు ఆగితే మధ్యలో అన్ని రోజులూ ఆ డబ్బు ఎవరు పెట్టాలో లెక్క వేసుకున్నాకే ఆ అంకె రాయండి. ధర తగ్గించమని అడిగితే, రోజులు తగ్గిస్తే ధర తగ్గిస్తానని చెప్పడానికి కూడా ఇది పనికొస్తుంది.

సరుకు బాగోలేదన్న పేచీల గురించి కూడా ఒక మాట పెట్టుకోండి. సరుకు అందిన 15 రోజుల్లోపు రాతలో అభ్యంతరం చెప్పకపోతే ఒప్పుకున్నట్టే అని ఆ ఎంఎస్ఎంఈ చట్టంలోనే ఉంది. మీరు ఇంకా ముందుకెళ్లి, ఏ లాటులోనైనా ఈసీ మనం అనుకున్న అంకె దాటితే ఆ లాటు మార్చి ఇస్తాం, కిరాయి మాదే, అని రాయండి. ఎవరు కొలవాలి, ఎక్కడ కొలవాలి అన్నది కూడా రాసుకుంటేనే దానికి అర్థం.

---

వైనతేయ_పీచు:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ దండాలండి. పచ్చతోట గారు చెప్పినట్టు వాళ్ల ఫార్మ్ మేనేజర్ గారికి ఫోన్ చేశాను. బాగానే మాట్లాడారు. వాళ్ల అసలు ఇబ్బంది ధర కాదట. ఒక లోడు బాగుంటుందట, ఇంకో లోడు ఉప్పుగా వస్తుందట, మొక్కలు నాటేముందు మళ్లీ మళ్లీ కడుక్కోవాల్సి వచ్చి నాటే తేదీ వెనక్కి పోతోందట. వాళ్లు ఒకటికి ఒకటిన్నర పద్ధతిలోనే కొలుస్తారట. బఫరింగ్ వాళ్లే చేసుకుంటారు. 12 పేజీలు పక్కన పెట్టి మొదటి పేజీ మళ్లీ రాశాను, చూడండి.

"నమస్కారం. మీ ఫార్మ్ మేనేజర్ గారితో మాట్లాడినప్పుడు, లోడుకీ లోడుకీ ఈసీ మారడం వల్ల పొట్టు మళ్లీ కడగాల్సి వస్తోందని, దానివల్ల నాటడం ఆలస్యమవుతోందని చెప్పారు. మేము ప్రతి లాటునీ మీరు కొలిచే ఒకటికి ఒకటిన్నర పద్ధతిలోనే కొలిచి, 0.5 దాటిన సరుకుని మీకు లోడు చేయము. ఆ లాటు కొలత కాగితం లారీ బయల్దేరకముందే మీకు చేరుతుంది. మీ దగ్గర కొలిచినప్పుడు అంతకు మించి వస్తే ఆ లాటు మా ఖర్చుతో మార్చి ఇస్తాము. మా మిల్లు అంబాజీపేట దగ్గర ఉంది, డొక్కలు చుట్టుపక్కల కోనసీమ తోటల నుంచే వస్తాయి. మా దగ్గర వేసవిలో కాలువల నీళ్లు ఆగుతాయి, వానల్లో ఎండబెట్టడం కుదరదు, అందుకని ముందే కడిగి నిలవ చేసిన సరుకుతో ఆ నెలల్లో సప్లై చేస్తాము, నెలవారీ లెక్క మూడో పేజీలో ఉంది. బ్లాకు ధర మీ గేటు దగ్గర దించేదాకా అన్నీ కలిపి ఇంత, జీఎస్టీ వేరే. మొదట ఒక పాలీహౌస్‌లో ఒక పంటకి సరిపడా సరుకు తీసుకుని చూడండి, నచ్చితే మిగతావి మాట్లాడుకుందాం. ఈ ధర ఈ నెలాఖరు వరకు. డబ్బు 30 రోజుల్లో."

ధర అంకె ఇక్కడ పెట్టలేదు. ట్రయల్ సరుకు ఉచితంగా ఇవ్వాలా? శాంపిల్ ఎలా పంపాలి? పంపాక ఎన్నాళ్లకి ఫోన్ చేయొచ్చు?

---

పచ్చతోట:

చాలా బాగుందండి, ఇది నా టేబుల్ మీదకి వచ్చి ఉంటే అదే రోజు పైకి పంపేదాన్ని. రెండు మార్పులు చెప్తాను.

"0.5 దాటిన సరుకుని లోడు చేయము" అన్నది ఈ కాగితంలో అతి ముఖ్యమైన మాట, అది నాలుగు వాక్యాల మధ్యలో ఉంది. దాన్నీ "మార్చి ఇస్తాము" అన్నదాన్నీ విడిగా ఒక పేరా చేయండి. ట్రయల్ దగ్గర "సరుకు తీసుకుని చూడండి" అంటే ఎంత, ఎప్పుడు అన్నది వాళ్లు ఆలోచించుకోవాలి. వాళ్ల పాలీహౌస్ ఒక్కదానికి ఎన్ని బ్లాకులు పడతాయో అడిగి ఆ అంకె మీరే వేసి, వాళ్లు నాటే తేదీ కనుక్కుని దానికి ఎన్ని రోజుల ముందు లోడు దిగుతుందో రాసేయండి. అప్పుడు ఓనరు గారు సరే అనడం ఒక్కటే మిగులుతుంది.

ట్రయల్ లోడు ఉచితంగా వద్దు. శాంపిల్ బ్లాకులు ఉచితం, పంటకి వేసే సరుకుకి డబ్బు తీసుకోండి. ఉచితంగా వచ్చిన సరుకుని ఏ మూలో పెట్టి మర్చిపోతారు, డబ్బు పెట్టి కొన్నదాన్ని కొలిచి చూస్తారు. కావాలంటే ట్రయల్ లోడు వరకు డబ్బు పంట నాటాక ఇవ్వమనండి. ప్రపోజల్ మెయిల్‌లో పీడీఎఫ్‌గా పంపి, వాట్సాప్‌లో ఫార్మ్ మేనేజర్ గారికి కూడా ఒక కాపీ పెట్టండి. నాలుగైదు రోజులాగి ఫోన్ చేయండి, "చూశారా అండీ" అని కాకుండా శాంపిల్ తడిపితే కొలత ఎంత వచ్చిందని అడగండి. చూడకపోతే ఆ ఫోన్‌తో చూస్తారు.

---

వశిష్ఠ_గట్టు:

శాంపిల్ కోసం మంచి బ్లాకులు ఏరి పంపకు బాబూ. మామూలుగా లోడు వెళ్లే వరసలోంచి తీసి పంపు. అదే లాటులో ఇంకో రెండు బ్లాకులు కవరు చుట్టి, లాట్ నంబరు రాసి మిల్లులో దాచిపెట్టు. రేపు వాళ్ల కొలత వేరుగా వస్తే, ఆ రెండూ మూడో చోట కొలిపించి తేల్చుకోవచ్చు. ట్రయల్ లోడుకీ, తర్వాత ప్రతి లోడుకీ ఇలాగే చెయ్యి. ఈసీ మీటర్‌ని కాలిబ్రేషన్ ద్రావణంతో సరిచూసుకోవడం మర్చిపోకు, మీటరు తప్పు చూపిస్తే కాగితం మీద ఎంత బాగా రాసినా పనికిరాదు.

---

వైనతేయ_పీచు:

రెండు మార్పులూ చేశానండి. వాళ్లు ఒక పాలీహౌస్‌కి ఎన్ని బ్లాకులు పడతాయో, ఎప్పుడు నాటుతారో చెప్పారు, ఆ అంకెలు ఎక్కించాను. ఉద్యమ్ సర్టిఫికెట్ చూస్తే తయారీ అనే ఉంది. నాన్నగారు నెలవారీ పట్టిక చూసి, ఆగస్టులో అంత పంపలేమని కొంత తగ్గించమన్నారు, తగ్గించాను. లాట్ నంబర్లు ఈ వారం కొట్టే బ్లాకుల నుంచే మొదలుపెడుతున్నాం. శాంపిళ్లు వాటిలోంచే తీసి, పీడీఎఫ్‌తో పాటు సోమవారం పంపిస్తాను.